పొయ్యి వెనక గోడ

మే 2, శుక్రవారం

శివన్న మేస్త్రి ఈరోజు వంటింట్లో పొయ్యి వెనక గోడ చెక్కినాడు. మాడి నల్లగా అయిపోయిన పూత పెచ్చులు పెచ్చులుగా రాలి, లోపల ఇటుకలు బయటపడినాయి. ఆయప్ప భార్య లక్ష్మక్క ఆ పెళ్ళలన్నీ గంపలకెత్తి వీధి చివర పోసి వచ్చింది. వాళ్ళది కోసిగి. అక్కడ పనుల్లేక ఎండాకాలమంతా కర్నూల్లోనే ఉంటారంట.

పోయేముందు శివన్న అడిగినాడు. "సార్, ఈ గోడకు ఏం టైల్స్ అనుకున్యారు? అవి తెస్తేనే పని ముందుకు పోతాది."

"చూస్తా" అన్నా.

సంతోషమ్మ ఇంటికి వచ్చేలోపల వంటిల్లు కొత్తగా ఉండాల. వచ్చి చూసినప్పుడు ఆ మసి ఆమె కంట్లో పడకూడదు. బడికి సెలవులు, జూన్ పన్నెండు దాకా నాకు వేరే పని లేదు. స్తుతి హాస్టల్ నుంచి ఫోన్ చేసినప్పుడల్లా "డాడీ, ఒక్కడివే కూర్చొని ఏమేమో ఆలోచించొద్దు, మనసులో ఉండేది ఒక నోట్‌బుక్కులో రాసుకో" అంటాంది. నర్సింగ్ చదివే పిల్ల. వాళ్ళకు ఇవి కూడా నేర్పిస్తారేమో. పాత లెసన్ ప్లాన్ పుస్తకంలో సగం కాగితాలు మిగిలి ఉంటే దాంట్లో రాస్తాండా.

మే 3, శనివారం

ఆలూరికి ఫోన్ చేసినా. ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అయినప్పటి నుంచి సంతోషమ్మ వాళ్ళక్క ఇంట్లోనే ఉండాది. నేనే పంపించినా. ఇక్కడ వంటిల్లు లేదు, చూసుకునే ఆడమనిషి లేదు. అందుకే.

"టైల్స్ ఏ రంగు వేయిద్దాం సంతోషా?"

"నీ ఇష్టం."

"నాకేం తెలుసు రంగులు. నువ్వే చెప్పాల."

"ఏదైనా ఒకటే."

ఇరవై రెండేండ్లు జాకెట్లు కుట్టిన మనిషి. చీర పట్టుకొని పక్క వీధుల నుంచి కూడా వచ్చేవాళ్ళు, దీనికి ఏ అంచు వేస్తే బాగుంటాది సంతోషక్కా అని. ఎవరన్నా ఆకుపచ్చ అంటే ఊరుకునేది కాదు. ఏ ఆకు, చింతాకా తమలపాకా అని అడిగేది.

ఏదైనా ఒకటే అంట.

మే 5, సోమవారం

బళ్ళారి రోడ్డులో టైల్స్ అంగడికి పోయినా. ఇన్ని రకాలుంటాయని తెలీదు. ఒక గోడంతా చిన్న చిన్న చదరాలు, పువ్వులు, టీ కప్పుల బొమ్మలు, ద్రాక్షగుత్తులు. హర్షిణి అనే అమ్మాయి చూపించింది, పేరు మెడలో కార్డు మీద ఉండాది. శానా ఓపిక.

"సార్, ఈ మెరిసేవి గ్లాసీ, ఇవి మ్యాట్. గ్లాసీ అయితే పోపు చిట్లినా గుడ్డతో తుడిస్తే పోతాది. మ్యాట్ అయితే నూనె పట్టుకుంటాది, రుద్దాల."

"రుద్దే పని ఉండకూడదమ్మా. మా ఇంట్లో ఆమెకు చేతులు బాగలేవు."

"అయ్యో, ఏమైంది సార్?"

"కొంచెం ప్రమాదం" అన్నా.

'కొంచెం' అని ఎందుకన్నానో.

నాలుగు ముక్కలు ఇంటికి ఇచ్చి పంపింది. తెలుపు, లేత నీలం, గోధుమ రంగు, ముదురు ఆకుపచ్చ. నాలుగూ గోడకు ఆనించి పెట్టి చూసినా. ఇటుకల ముందు నాలుగూ బాగానే ఉండాయి.

మే 6, మంగళవారం

ఎండ. యాడికీ పోలేదు.

మే 8, గురువారం

నాలుగు ముక్కలకూ ఫొటోలు తీసి సంతోషమ్మకు పంపినా. చూసినట్టు నీలం గుర్తులు వచ్చినాయి. జవాబు లేదు. ఆ వేళ్ళతో టైపు చేయడం కష్టం, నాకు తెలుసు. మాట్లాడి పంపొచ్చు గదా అని అనిపించింది. తర్వాత అట్ల అనిపించినందుకు సిగ్గేసింది.

స్తుతికి కూడా పంపితే జవాబిచ్చింది: "డాడీ, బ్లూ బాగుంది. అయినా మమ్మీని అడుగు."

అడిగినా తల్లీ.

మే 11, ఆదివారం

గుడిలో గాబ్రియేలు అయ్యగారు ప్రసంగం అయినాక నన్ను లేపినాడు. "మన సోదరి సంతోషమ్మను ప్రభువు అగ్నిలో నుంచి బయటికి తెచ్చినాడు. అరవై దినాలు ఆసుపత్రిలో ఉండి బతికి బయటపడింది. జయపాల్ సార్ వచ్చి సాక్ష్యం చెప్తాడు" అన్నాడు.

ముందు చెప్పలేదు. చెప్పి ఉంటే పోయేవాణ్ణి కాదు.

మైకు ముందు నిలబడినా. అందరూ నన్నే చూస్తాండారు. వాళ్ళంతా ఆసుపత్రికి వచ్చినోళ్ళే, అన్నం తెచ్చిచ్చినోళ్ళే, రక్తం ఇచ్చినోళ్ళే. "ఆ పొద్దు ఏం జరిగిందో, ఎట్ల జరిగిందో మాకెవరికీ తెలీదు. దేవుని కృప వల్ల ఈరోజు ఆమె నడుస్తాంది, తింటాంది" అని చెప్పి దిగినా. అందరూ స్తోత్రం అన్నారు. వెనక వరుసలో ముసలామె ఒకామె ఏడ్చింది.

ఎట్ల జరిగిందో తెలీదు అనడం అబద్ధమేమీ కాదు. గ్యాస్ ఎప్పుడు ఎంత లీకయిందో ఎవరికి తెలుస్తుంది? పైపు పాతది. ఎవరింట్లోనైనా పైపు పాతబడుతుంది.

మే 12, సోమవారం

స్తుతి రాసుకో అంది గాబట్టి ఒకసారి రాస్తా. మళ్ళీ రాయను.

ఫిబ్రవరి 19, బుధవారం. పొద్దున ఆరు దాటింది. నేను పెరట్లో పండ్లు తోముకుంటాండా. వంటింటి కిటికీ మూసి ఉండాది, దోమలని రాత్రి నేనే మూసినా. గుప్పుమని చప్పుడైంది. బాంబు మాదిరి కాదు, పెద్ద దుప్పటి దులిపినట్టు. వెనక్కి తిరిగేలోపల సంతోషమ్మ తలుపులో నుంచి బయటికి వచ్చింది, రెండు చేతులూ ముందుకు చాచి, ఎవరికో ఏదో ఇస్తాండే దాని మాదిరి. కొంగు మండుతాంది. తీగ మీద ఆరేసిన దుప్పటి లాగి ఆమెను చుట్టినా. కింద కూర్చోబెట్టినా. "పాలు" అంది. "పొయ్యి మీద పాలు పెట్టినా సారూ."

నన్ను ఆమె సారూ అనే పిలుస్తాది. పెండ్లయిన కొత్తల్లో ఎగతాళికి మొదలుపెట్టింది, అదే ఉండిపోయింది.

ఎదురింటాయన ఆటోలో పెద్దాసుపత్రికి పోయినాం. రెండు చేతులు, మెడ, ఎడమ చెంప, ఎడమ చెవి. తొడ నుంచి చర్మం తీసి చేతులకు అతికించినారు. రెండుసార్లు.

గ్యాస్ వాసన వస్తాందని అంతకు ముందు ఒకసారి అన్నింది. పైపు మార్చాలని నేనూ అనుకుంటానే ఉంటి. పరీక్షల కాలం. అంతే.

మే 15, గురువారం

నాలుగు టైల్ ముక్కలూ గుడ్డ సంచిలో పెట్టుకొని ఆలూరు పోయినా. బస్సులో ఒడిలోనే పెట్టుకున్నా, పగలకుండా.

వదిన మజ్జిగ ఇచ్చింది. సంతోషమ్మ లోపలి గదిలో మంచం మీద కూర్చొని, రబ్బరు బంతి పట్టుకొని పిసుకుతాంది. కుడి చేతి వేళ్ళు ఇంకా పూర్తిగా ముడుచుకోవడం లేదు. బంతి జారి కింద పడుతాది, వంగి తీసుకుంటాది, మళ్ళీ పడుతాది. నేను తీసిస్తే "వద్దు, నన్నే తీసుకోమన్యారు డాక్టరు" అంది. తలమీద చున్నీ ఎడమ పక్కకు కిందికి లాక్కొని ఉండాది. ఆ గదిలో బీరువా అద్దానికి పాత దుప్పటి ఒకటి కప్పినారు. ఆలూరులో దుమ్ము శానా.

ముక్కలు మంచం మీద వరసగా పెట్టినా. ఒక్కో దాని మీద అరచేయి ఆనించింది. రంగు చూడలేదు. చల్లగా ఉందా అని చూసినట్టు ఆనించింది అంతే.

"పొయ్యి ఆడ్నే పెడతాండావా?" అని అడిగింది.

"ఇంక యాడ పెడతాం? పాత చోటే. కిటికీ పక్కనే గదా బండ."

మళ్ళీ బంతి తీసుకుంది.

వదిన వచ్చి చూసి, "ఈ ఆకుపచ్చది నిగనిగలాడుతాంది, ఇదే వేయించు జయపాలూ. తుడుచుకోను కూడా సులువు" అంది.

"నీకు నచ్చిందా సంతోషా?"

"అక్క చెప్పింది గదా."

బస్టాండు దాకా వదిన నాతో నడిచింది. దారిలో ఉన్నట్టుండి అడిగింది. "జయపాలూ, రాత్రిపూట అది నిద్రపోదు. 'మూడు దినాలు, మూడు దినాలు' అని గొణుక్కుంటాది. ఏందది?"

"నాకేం తెలుసు వదినా" అన్నా. నిజంగానే తెలీదు.

మే 16, శుక్రవారం

ఆకుపచ్చవే. ఆర్డరు ఇచ్చినా. సంతోషమ్మ ఒప్పుకున్నట్టే గదా, వద్దని అనలేదు.

మే 20, మంగళవారం

టైల్స్ వచ్చినాయి. శివన్న నీళ్ళ మట్టం పెట్టి గీత గీసుకొని కింద వరుస మొదలుపెట్టినాడు. లక్ష్మక్క సిమెంటు మాలు కలిపి అందిస్తాంది. పని చేస్తా చేస్తా ఆమె అడిగింది. "అమ్మ ఎప్పుడొస్తాది సార్?"

"వచ్చే నెల మొదట్లో."

"ఈ గోడ చూసి శానా సంబరపడతాది ల్యా. మెరుస్తాంది."

శివన్న వెనక్కి తిరగకుండానే అన్నాడు. "సార్, కొత్త పొయ్యి తెచ్చినారు, రెగ్యులేటర్ తెచ్చినారు. పైపు కూడా కొత్తది తీసుకోండప్పా, పాతది పెట్టొద్దండి."

"పైపు ఉండాదిలే శివన్నా. స్కూటర్ డిక్కీలో ఉండాది."

పోయి తెచ్చి ఇచ్చినా. కవరు కూడా చింపలేదు. ఆయప్ప అటూ ఇటూ తిప్పి చూసి, మంచి కంపెనీదే అని బండ మీద పెట్టినాడు. ఎప్పుడు కొన్నారని అడగలేదు. నేను చెప్పలేదు.

మే 21, బుధవారం

ఫిబ్రవరి పదో తేదీన కొన్నా.

మే 22, గురువారం

రాసేసినా గాబట్టి మిగతాది కూడా రాస్తా.

పదో తేదీ సోమవారం బడి నుంచి వస్తా వస్తా కొన్నా. అంగడాయన "ఇప్పుడే మా మనిషిని పంపించేదా సార్, ఐదు నిమిషాల్లో బిగించి వస్తాడు" అన్నాడు. "నేను సైన్సు మాస్టర్నప్పా, నాకు రాదా" అన్నా. ఇంటికొచ్చినా. స్తుతి ఫోన్ చేసింది, మాట్లాడతా కూర్చున్నా. పదకొండున పదో తరగతి వాళ్ళకు స్పెషల్ క్లాసు. పన్నెండు కూడా అంతే. తర్వాత ఏమైందో గుర్తు లేదు. ఏమీ కాలేదు. మరిచిపోయినా. పైపు డిక్కీలో, వర్షం కోటు కింద.

వాసన వస్తాందని సంతోషమ్మ అన్నది ఒకసారి కాదు. రెండుసార్లు. రెండోసారి నేను పేపరు చదువుతాండా. "నీ ముక్కుకు అన్నీ వాసనలే" అన్నా.

ఆ వారంలోనే తొమ్మిదో తరగతిలో వాయువుల వ్యాపనం రివిజన్ చెప్పినా. గది ఒక మూల అత్తరు సీసా మూత తీస్తే ఇంకో మూలకు వాసన ఎట్ల వస్తుంది? పిల్లలు చేతులెత్తినారు. బాగా చెప్పినా ఆ పాఠం.

ఇది ఎవరికీ తెలీదు. తెలియాల్సిన అవసరం కూడా లేదు. ఇప్పుడు చెప్తే ఆమెకు చర్మం తిరిగి వస్తుందా?

మే 27, మంగళవారం

గోడ అయిపోయింది. సందుల్లో తెల్ల సిమెంటు నింపి, స్పాంజితో తుడిచి, శివన్న దూరం నిలబడి చూసుకొని "అద్దం మాదిరి వచ్చింది సార్" అన్నాడు. నిజంగా అద్దమే. దగ్గరికి పోతే నా మీసంలో తెల్ల వెంట్రుకలు కూడా కనపడతాండాయి. కిటికీ నుంచి ఎండ పడితే గదంతా ఆకుపచ్చ వెలుగు.

శానా దినాల తర్వాత ఆకలేసింది.

జూన్ 1, ఆదివారం

సంతోషమ్మ వచ్చింది. స్తుతి సెలవు పెట్టి ఆలూరు పోయి పిల్చుకొచ్చింది. గుమ్మంలో గాబ్రియేలు అయ్యగారు ప్రార్థన చేసినాడు. ఎదురింటోళ్ళు వచ్చి చూసి పోయినారు. ఒకామె ఆమె ముఖం చూసి గబుక్కున కుట్టుమిషన్ వైపు చూసి "మిషన్ బాగుందే" అంది.

ముందు గదిలోనే కూర్చుంది. వంటింటి వైపు పోలేదు. "తర్వాత చూస్తాలే" అంది. అలసిపోయింది, అంత దూరం బస్సు.

జూన్ 2, సోమవారం

ఈరోజు కూడా పోలేదు. అన్నం స్తుతి వండింది. నేను తొందరపెట్టలేదు.

జూన్ 3, మంగళవారం

పొద్దున తొమ్మిదికి లేచి, ఎవరికీ చెప్పకుండా వంటింట్లోకి పోయింది. నేను చూసి వెనకే పోయినా. తలుపు దగ్గర నిలబడి ఆమె ఏమంటాదో అని ఎదురుచూస్తాండా. సంబరంగా ఉండాది నాకు. దాన్ని దాచుకోవాల్సిన పని లేదు, ఇది నా పుస్తకం.

పొయ్యి దగ్గరికి పోయి నిలబడింది. అప్పుడు తల ఎత్తి గోడను చూసింది.

కదలలేదు. తర్వాత మెల్లగా చేయి ఎత్తి చున్నీ పక్కకు జరిపింది. ముఖాన్ని గోడకు దగ్గరగా పెట్టింది. ఎడమ చెంప ఒక టైల్‌లో, చెవి ఇంకో టైల్‌లో, మెడ కింద టైల్‌లో. ఎండ సరిగ్గా దాని మీదే పడుతాంది. వేలితో తన చెంపను తాకలేదు, గోడలో ఉన్న చెంపను తాకింది.

అప్పుడు తట్టింది నాకు. అప్పటిదాకా తట్టలేదు. దేవుని తోడు, తట్టలేదు.

"ఆసుపత్రిలో నర్సులు చూడనీలేదు" అంది. గొంతు మామూలుగానే ఉండాది. "అక్క ఇంట్లో అద్దానికి దుప్పటి కప్పినారు. నేనే కప్పమన్యా. ఒకనాటికి చూసుకుందాంలే, నాకు ధైర్యం వచ్చినప్పుడు అనుకున్యా."

"సంతోషా..."

"ఎవరు ఏరినారు ఈటిని?"

"నేనే."

"ఎందుకు?"

"తుడుచుకోను సులువని. నీ చేతులకు కష్టం లేకుండా."

తల ఊపింది. చున్నీ మళ్ళీ లాక్కుంది. నన్ను దాటుకొని గదిలోకి పోయి తలుపేసుకుంది. మధ్యాహ్నం దాకా తీయలేదు. ఏడుపు కూడా వినపడలేదు.

స్తుతి గోడకంతా పాత పేపర్లు అంటించింది.

జూన్ 4, బుధవారం

స్తుతి నాతో మాట్లాడలేదు పొద్దునంతా. సాయంత్రం బట్టలు మడత పెడతా అడిగింది. "డాడీ, ఫొటోలు నాకూ పంపినావు. నాకు కూడా తట్టలేదు. నేను కాలినోళ్ళ వార్డులో డ్యూటీ చేసినా. పేషెంట్లకు అద్దం ఎప్పుడు చూపించాలి, ఎట్ల చూపించాలి అని మాకు క్లాసు చెప్పినారు. నాకు తట్టొద్దా?"

"నీ తప్పేముందమ్మా."

"నీ తప్పు కూడా ఏముందిలే" అని నా చేయి పట్టుకుంది.

ఆ చేయి అట్లే పెట్టుకోలేకపోయినా. లేచి బయటికి పోయినా.

జూన్ 5, గురువారం

చెప్పేసినా.

స్తుతి బజారుకు పోయినప్పుడు. సంతోషమ్మ ముందు గదిలో మిషన్ పక్కన కూర్చొని ఉండాది. దారపు కండెలు డబ్బాలో రంగుల వరసలో పెడతాంది, జారిపోతాంటే మళ్ళీ పెడతాంది. నేను కింద చాప మీద కూర్చున్నా.

"నీకొక మాట చెప్పాల. పైపు నేను ముందే కొన్నా. ఫిబ్రవరి పదిన. డిక్కీలోనే ఉండిపోయింది. తొమ్మిది దినాలు. మరిచిపోయినా."

ఆమె కండెలు పెట్టడం ఆపలేదు.

"తెలుసు" అంది.

నాకు అర్థం కాలేదు. "ఏం తెలుసు?"

"డిక్కీలో ఉండేది. పదహారో తేదీ ఆదివారం, గుడికి పోయేటప్పుడు బైబిలు సంచి పెడదామని తెరిచినా. వర్షం కోటు కింద ఉండాది. మూడుసార్లు చెప్పినా నీకు వాసన వస్తాందని. మూడోసారి నువ్వు తల కూడా ఎత్తలే. పైపు చూసినాక నాకు ఒళ్ళు మండింది సారూ. కొనుక్కొచ్చి పెట్టుకొని, నాతో మాత్రం నీ ముక్కు అంటాడు చూడు అని. నేను గుర్తు చేయకూడదు, ఎన్ని దినాలకు గుర్తొస్తాదో చూస్తా అనుకున్యా. సోమవారం చూసినా. మంగళవారం చూసినా. బుధవారం పొద్దున వాసన వస్తానే ఉండాది. వస్తాంటే వస్తాంటేనే పొయ్యి ముట్టించినా."

మూడు దినాలు.

"నీ అంతకు నువ్వు అంగడాయనకు ఫోన్ చేసి ఉంటే..." అన్నా. ఆ మాట నా నోట్లో నుంచి ఎట్ల వచ్చిందో. వచ్చేసింది.

నన్ను చూసింది. చున్నీ లేదు తలమీద. "అవును. చేసి ఉండొచ్చు. అదే గదా నాకు నిద్ర పట్టనీయనిది."

డబ్బా దగ్గరికి లాక్కొని మళ్ళీ ఆమే మాట్లాడింది.

"ఆసుపత్రిలో పోలీసామె వచ్చి రాసుకుంది. మీ ఆయన ఏమన్నా చేసినాడా అని నాలుగుసార్లు అడిగింది, భయపడొద్దు చెప్పు అనింది. ఆయన ఏమీ చెయ్యలేదమ్మా అని చెప్పినా." ఒక కండె తీసి వేరే వరసలో పెట్టింది. "నిజమే గదా. నువ్వేమీ చెయ్యలే."

జూన్ 6, శుక్రవారం

నువ్వేమీ చెయ్యలే.

జూన్ 7, శనివారం

శివన్నకు ఫోన్ చేసి టైల్స్ తీసేయాలన్నా. వచ్చి పేపర్లు ఊడబీకి, ఒక్కో టైల్ మీద అరచేయి రాసి చూసినాడు. "ఒక్క పగులు లేదు సార్. పదైదు దినాలు కాలే. ఏం తప్పు జరిగింది నా పనిలో?"

"నీ పనిలో తప్పు లేదు శివన్నా."

"మరి?"

లక్ష్మక్క ముందు గదిలో ఉన్న సంతోషమ్మను చూసి, గోడను చూసి, మొగుని భుజం మీద తట్టింది. "తీసెయ్యి. అడగాకు."

ఉలి పెట్టి కొడితే ఒక్కోటి రెండు ముక్కలై పడినాయి. మంచి పని చేసిండే మనిషి తన పనినే పగలగొడతాంటే చూడలేకపోయినా. నేను గంప పట్టుకున్నా ఈసారి. స్తుతి సాయంత్రం బస్సుకు హాస్టల్‌కు పోయింది.

జూన్ 9, సోమవారం

సంతోషమ్మ తనే అంది. "అంగడి యాడుండాది? పోదాం పా. నువ్వు ఏరితే మళ్ళీ ఏదో తెస్తావు."

ప్రమాదం అయినాక ఆసుపత్రికి, ఆలూరికి తప్ప ఆమె బయటికి రావడం ఇదే. ఆటోలో చున్నీ కప్పుకుంది. అంగడి మెట్ల దగ్గర తీసేసి భుజం మీద వేసుకుంది. యజమాని ఆమెను చూసి ఫోన్ తీసి చెవి దగ్గర పెట్టుకున్నాడు, అది మోగలేదు. హర్షిణి మాత్రం కుర్చీ తెచ్చి వేసి, "రామ్మా, సార్ చెప్పినారు మీ గురించి" అంది. సంతోషమ్మ నావైపు ఒకసారి చూసింది.

కుర్చీలో కూర్చోలేదు. గంటసేపు తిరిగింది. "ఇదియ్యి పాపా, అదియ్యి" అని ఒక్కొక్కటి అడిగి, రెండు అరచేతుల మధ్య పెట్టుకొని వాకిలి బయటికి, ఎండలోకి తీసుకుపోయింది. నీళ్ళు చిలకరించి చూసింది. ఏటవాలుగా పట్టుకొని చూసింది. ఇరవై రెండేండ్లు ఆమె బట్టల అంగళ్ళలో ఇట్లే నిలబడింది. ఆ కనుబొమ్మల ముడి చూసి నాకు కండ్లలో నీళ్ళొచ్చినాయి. ఇంక అన్నీ సర్దుకుంటాయి అనుకున్నా.

చివరికి ఒకటి పట్టుకొని వచ్చింది. నల్లరేగడి ఎండిపోయినాక ఉండే రంగు. గరుకుగా ఉండాది.

"ఇది. తడిసినా మెరవదు. దీంట్లో ఎవరూ కనపడరు."

"దీనికి నూనె పట్టుకుంటాదమ్మా, రుద్దాల్సి వస్తాది" అని హర్షిణి అంది.

"రుద్దుకుంటాడులే. ఆయనే గదా వండుకునేది" అంది సంతోషమ్మ.

ఆటోలో అడిగినా, ఏమన్నావని. "బుధవారం ఆలూరు పోతాండా" అంది.

జూన్ 11, బుధవారం

బస్టాండుకు పోయినాం. సంచి నేను మోసినా. కుట్టుమిషన్ వద్దంది, అక్క ఇంట్లో పాతది ఉందంట. కత్తెర మాత్రం పెట్టుకుంది. బస్సుకు ఇంకా టైముంటే బెంచీ మీద కూర్చున్నాం.

"నామీద కోపమా?" అని అడిగినా.

"ఉన్నింది. మూడు నెలలు ఉన్నింది. ఇప్పుడు అది కూడా లేదు."

"మరి ఎందుకు పోతాండావు?"

ఆలోచించింది. పక్క బెంచీలో ఒక చిన్నపాప ఆమెనే కండ్లార్పకుండా చూస్తాంది. సంతోషమ్మ ఆ పాపను చూసి నవ్వింది. నవ్వితే చెంప ఒక పక్కకే లేస్తాది. పాప తల్లి ఒడిలో ముఖం దాచుకుంది.

"నువ్వు నన్ను చూసినప్పుడల్లా తల దించుకుంటాండావు" అంది. "ఆ పాప భయపడి తల దించుకుంది, అది ఫర్వాలేదు, రెండుసార్లు చూస్తే అలవాటైతాది. నీది అట్ల కాదు. దినమంతా నిన్ను ఓదార్చే ఓపిక నాకు లేదు సారూ. నా వేళ్ళు ముడుచుకోవాల ముందు."

"ఎప్పుడొస్తావు?"

బస్సు వచ్చి ఆగింది. ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది. కడ్డీలు పట్టుకొని అడిగినా మళ్ళీ, ఎప్పుడొస్తావని.

"గోడ ఆరనీ" అంది.

జూన్ 12, గురువారం

బడి తెరిచినారు. పోయి వచ్చినా.

జూన్ 15, ఆదివారం

శివన్న గోడ పూర్తి చేసినాడు. రేపు కోసిగికి పోతాండారంట, వానలు పడేటట్టున్నాయని. ఎన్ని దినాల్లో ఆరుతాదని అడిగినా.

"మూడు దినాలు చాలు సార్."

జూన్ 20, శుక్రవారం

పప్పు చేసినా. పోపు చిట్లి గోడ మీద పడింది. కొత్త బ్రష్షుతో రుద్దినా. పోలేదు.

జూన్ 28, శనివారం

సాయంత్రం ఫోన్ చేసినా. గోడ ఆరిందని చెప్పినా.

"ఊ" అంది.

వెనకాల మిషన్ చప్పుడు వినపడింది. ఆగి ఆగి నడుస్తాంది, కొత్తగా నేర్చుకునే వాళ్ళు తొక్కినట్టు. ఎవరు కుడతాండారని అడిగినా.

"నలుగురు ఆడపిల్లలు వస్తాండారు నేర్చుకోను. నేను కుట్టలేను గానీ చెప్పగలుగుతా గదా. కత్తెర ఎట్ల పట్టాలో చెప్తాండా." దూరంగా ఎవరితోనో గట్టిగా అంది. "అట్ల లాగొద్దు పాపా, గుడ్డ సాగుతాది. వదులు, అదే పోతాది."

నేను ఇంకా ఏదో అడగాలని అనుకుంటాండా. భోజనం చేసినావా అని, వేళ్ళు ఎట్లున్నాయని.

"పెట్టేస్తాండా సారూ. పని ఉండాది" అంది.